ఆముదం సీసా

యుద్ధం గురించి అడిగేవాళ్లంతా తుపాకుల గురించే అడుగుతారు. నాకు మాత్రం ముందు కంపు గుర్తొస్తుంది. డెబ్బై ఒకటిలో మా పటాలం తూర్పు సరిహద్దు దగ్గర గుడారాలు వేసుకుని, యుద్ధం ఎప్పుడొస్తుందా అని వానాకాలమంతా కాచుకుని కూర్చుంది. శత్రువు కనబడలేదు గానీ పేలు కనబడ్డాయి. బనియన్ కుట్ల వెంబడి బారులు తీరేవి. వాటిని గోళ్లతో చిదిమి, అదే చేత్తో రొట్టె తినేవాళ్లం.

మరుగుదొడ్డి అంటే ఒక గొయ్యి, దాని మీద రెండు చెక్కలు. గట్టి వాన పడితే గోతిలోదంతా పైకి తేలి గుడారాల వైపు వచ్చేది. అందులోంచే నడిచి అన్నానికి పోవాలి. మొదట్లో పప్పులో ఈగలు ఏరి పారేసేవాళ్లం. తర్వాత చూడడమే మానేశాం.

సైన్యంలో చేరకముందు నేను గోదావరిఖనిలో రెండేళ్లు బొగ్గు నింపే పని చేశాను. మా దగ్గర గనిని బాయి అంటారు. మా బాపుదీ అదే బాయి. లోపల కొన్ని చోట్ల మోకాలి లోతు నీళ్లుండేవి. అక్కడ పని పడినవాళ్లు కాళ్లకు దట్టంగా ఆముదం పట్టించి, పాత ధోవతి పీలికలు చుట్టి, పైన బూట్లు తొడిగేవాళ్లు. నాకు బాపే నేర్పాడు. నేను పటాలానికి బయలుదేరిన రోజు పెట్టెలో ఒక సీసా పెట్టి, "బురదల దిగేముందు మర్వకు బిడ్డా" అన్నాడు.

మరవలేదు. వానల నడుమ మమ్మల్ని కాపలా కందకంలోకి దింపినప్పుడు అలాగే ఆముదం రాసి, పీలికలు చుట్టి, బూట్లు బిగించాను. తోటివాళ్లు సందు దొరికినప్పుడల్లా బూట్లు విప్పి, మేజోళ్లు పిండుకుని, కాళ్లు తుడుచుకునేవాళ్లు. వీళ్లకు బాయి తెలియదు పాపం అని నవ్వుకున్నాను. మూడో రోజు దురద మొదలైంది. ఐదో రోజుకు దురద పోయి కాలు మొద్దుబారింది. ఆముదం పనిచేస్తోందనుకున్నాను!

నస్పూర్ వైపు నుంచి వచ్చిన ఒక జవాను ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, అతనూ కొన్నాళ్లు బాయి దిగినవాడే. ఏడో రోజు నా పక్కన కూర్చోబోయి ముక్కు మూసుకున్నాడు.

"ఏంది తమ్మీ, నీ దగ్గర ఎలుక సచ్చిందా?"

తనే నా బూటు లాగాడు. పీలికతో పాటు తోలు ఊడివచ్చింది. కింద నానిపోయిన తెల్లటి మాంసం, రెండు వేళ్లు నల్లగా. నా కాలును చూసి నేనే వాంతి చేసుకున్నాను.

"నూనె రాసినవా? ఎన్ని దినాలాయె ఇప్పక?"

"ఆరు దినాలు. బాయిల గిట్లనే రాస్తం గద అన్నా."

"బాయిల షిఫ్టు ఎనిమిది గంటలే గదరా! పైకొచ్చి ఉడుకునీళ్లతోని కడుక్కుంటం, ఆరబెట్టుకుంటం. ఈడ నీ షిఫ్టు ఎప్పుడు అయిపాయె?"

అతను నన్ను వీపున మోసుకుని దవాఖాన గుడారానికి తీసుకెళ్లాడు. కాలు ఉంచేదీ తీసేదీ రెండు రోజుల తర్వాత చెప్తానన్నాడు డాక్టరు. కాలు పోతే పటాలం ఇంటికి పంపిస్తుంది, బాయి లోపలికి రానివ్వదు. ఇరవై రెండేళ్లకే మంచంలో కూర్చుని తినాలి. ఆ రెండు రోజులూ కట్టు మీద మూగే ఈగలను తోలుకుంటూ, నా తెలివిని నేనే బూతులు తిట్టుకున్నాను. చివరికి కాలు దక్కింది. రెండు వేళ్లు కోసేశారు.

గోదావరిఖనిలో బస్సు దిగితే అందరూ తూటా ఎక్కడ తగిలిందని అడిగారు. తూటా కాదు, బురదలో కాలు కుళ్లిందన్నాను. ఇంట్లోనూ అంతే చెప్పాను.

మర్నాడు బాపు డ్యూటీకి పోయేముందు అరుగు మీద కూర్చుని కాళ్లకు ఆముదం పట్టిస్తున్నాడు. ఆ వాసనకు నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆయన నా కట్టు వైపు చూశాడు.

"నూనె పంపుడే మంచిదాయె బిడ్డా. రెండు వేళ్లతోని పోయింది. లేకుంటే కాలే పోతుండె."

"అవు బాపు" అన్నాను.

సీసాకు మూత బిగించి, గూట్లో పెట్టమని నా చేతికిచ్చాడు. పెట్టాను.