చేతికి కట్టని ఎర్రదారం

మా పాటల మాస్టారు పోయారని టెక్కలిలో మా హాస్టల్ ఎదుటి ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. చేసింది పలాసలో ఆయన పక్కింటాయన, నాకు వరసకి బావ. "మీ మాస్టారు పోనాడ్రా బావా. రేపట్నుంచి మా వీధి నిద్దరోతాది" అన్నాడు. అతనికి ఏడుపు రాలేదు. నాకూ రాలేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు గనక, చదువరులు కాస్త ఓపిక పట్టాలి. వెతుకుతున్నాను.

మాస్టారు కుర్రతనంలో హౌరా రైలెక్కి కలకత్తా పోయి, ఒక ఉస్తాదు ఇంట నీళ్లు మోసి హిందుస్తానీ నేర్చుకొచ్చారు. పలాసలో జీడిపప్పుకి తప్ప దేనికీ గిరాకీ లేదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. జీడిబట్టీల పొగ గొంతు తినేస్తోందని ఆయన ఊరిని తిట్టేవారు. తెల్లారగట్ల ఆయన మంద్రంలో తీసే 'సా' విని, గేదె ఈనుతోందేమోనని లేచి ఊరు ఆయన్ని తిట్టేది.

ఏడాదిపాటు ఆ 'సా' ఒక్కటే నాకు పాఠం. రాగం అడిగితే, "గోడల్లేకండా కిటికీలకి రంగేత్తావేటి?" అనేవారు. స్వరం వెంట్రుకవాసి జారితే ఉంగరం వేలితో బల్ల మీద టక్‌మనిపించేవారు. ఆ టక్ నాకు పరీక్ష హాల్లో కూడా వినిపించేది.

ఆ సంగీతంలో గురువు మన చేతికి ఎర్రదారం కడితేనే శిష్యుడు. అందాకా వచ్చిపోయేవాడే. నాకు కావలసిందల్లా ఆ దారం. గురుపూర్ణిమకి కడతానన్నారు. మా అమ్మ శనగలూ బెల్లమూ దారమూ పళ్లెంలో పెట్టి, చుట్టాలందర్నీ వెంటేసుకొచ్చింది. మాస్టారు దారం చేతిలోకి తీసుకుని 'సా' పెట్టమన్నారు. పెట్టాను. టక్. మళ్లీ పెట్టాను. టక్.

ఆయన దారాన్ని పళ్లతో నాలుగు ముక్కలుగా కొరికి, తంబురా తీగల కింద ఒక్కొక్కటీ దోపారు. అక్కడ దారం ఉంటేనే తీగ జుమ్మంటుంది.

"నీ సెయ్యికన్నా దీనికే అవసరం రా" అన్నారు. శనగలు మాత్రం మిగల్చకుండా తిన్నారు.

మా అమ్మ మళ్లీ ఆ వీధి తొక్కలేదు. నేను మర్నాడే వెళ్లాను. సిగ్గు లేదేట్రా అన్నారాయన. చాప మాత్రం అప్పటికే పరిచి ఉంది.

మాస్టారు పోయిన పదో రోజున, ఆయన జన్మలో గడప దాటనివ్వని భజన బృందం ఇంటినిండా కూర్చుంది. మాస్టారి భార్య తంబురా తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే సూడు బాబూ" అంది. ఎర్రదారాలు వెలిసిపోయాయి గానీ ఆయన మార్చలేదు. ఒక్కొక్కటీ కాస్త జరిపాను. తీగలు జుమ్మన్నాయి.

'సా' పెట్టాను. జారింది. నాకే తెలిసింది. పక్కింటి బావతో సహా ఇల్లంతా ఆహా అన్నట్టు తలలూపింది.

బల్ల పలకలేదు.