పిల్లల గదులు పూర్తయ్యేదాకా

మా అన్న కొడుకు ఓకోకి ముందుచూపు ఎక్కువ. అంత ముందుకు చూసేవాడికి కాళ్ల దగ్గరున్నది కనిపించదని నేనెప్పుడూ అంటుండేదాన్ని. వాడి భార్య ఫ్రౌకె వాడి నుంచి విడిపోయి పిల్లలిద్దరినీ తీసుకుని బ్రెమెన్ నగరానికి వెళ్లిపోయినప్పుడు, సెలవులకి పిల్లల్ని తీసుకెళ్లు, పడుకోవడానికి ఇంత చోటుంటే చాలు అంది. వీడు ఆ 'చోటు' అన్న మాటే పట్టుకున్నాడు.

కరకట్ట కింద, మా ఇంటి పక్కనే, తండ్రి ఇచ్చిన స్థలంలో ఇల్లు మొదలుపెట్టాడు. వారమంతా కట్ట మరమ్మతుల ఉద్యోగం, సాయంత్రాలూ శనివారాలూ ఇంటి పని. ఆదివారం మా ఊళ్లో సుత్తి చప్పుడు వినిపిస్తే పక్కవాళ్లు ఊరుకోరు కాబట్టి, ఆ రోజు పెన్సిలు పట్టుకుని కూర్చునేవాడు. కొంప ముంచింది ఆ ఆదివారాలే. శనివారం కట్టింది ఆదివారం ఆలోచించి, సోమవారం పగలగొట్టేవాడు.

మొదట పిల్లల మంచాలు చిన్నవి అనుకున్నాడు. ఎదిగే పిల్లలు కదా అని వెడల్పు పెంచాడు. ఎదిగాక స్నేహితులొస్తారని ఇంకా పెంచాడు. మంచం పెరిగేసరికి గోడలోని నెట్ పాయింటు దాని వెనక పడింది. మళ్లీ గోడ కొట్టాడు. బల్ల దగ్గరొకటి, తలవైపొకటి, రేపు ఇంకేం వస్తుందో అని గోడలో ఖాళీ పైపొకటి. తీగ లేకుండా వచ్చే నెట్‌ని వాడు నమ్మేవాడు కాదు.

"ఒరేయ్, రెండు పరుపులు నేలమీద పడేసి పిల్లల్ని రమ్మనరా. వాళ్లకి కావాల్సింది నువ్వు, గోడలో తీగలు కాదు" అన్నాను ఒకసారి.

"సిమెంటు దుమ్ములో పడుకోబెట్టానంటుంది వాళ్లమ్మ. ఒక్క ఏడాది ఆగత్తా, దర్జాగా వస్తారు."

ఆలస్యం అమృతం విషం అన్నాను. వింటేగా. తనే బ్రెమెన్ వెళ్లి, వాళ్లకి ఐస్‌క్రీం కొనిపెట్టి, సాయంత్రం రైలుకి తిరిగొచ్చేవాడు. "వచ్చే వేసవికి" అనేది వాడికి ఊతపదమైపోయింది. మొదట్లో కూతురు టొంకె ఫోన్ చేసి తన గదికి ఏ రంగు వేస్తున్నావని అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

చివరికి గదులు పూర్తయ్యాయి. అప్పటికి టొంకెకి పదహారు నిండాయి. కొడుకు ఐలర్ట్ మ్యాచ్ ఉందని రాలేదు. ఆ పిల్ల ఒక్కతే, సాయంత్రం రైలుకి తిరిగి వెళ్లిపోయేలా వచ్చి, బూట్లు విప్పి, గది గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది. అంత పెద్ద మంచం అంచున బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలా బాగుందంది. ఓకో కొత్త నెట్ కేబుల్ తెచ్చి చేతికిచ్చాడు. ఆ పిల్ల ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి తీగ పెట్టే చోటు లేదు నాన్నా. పర్లేదులే, నా ఫోన్‌తో కలుపుకుంటాను."

వాడు కేబుల్‌ని జాగ్రత్తగా చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

ముగ్గురం టీకి కూర్చున్నాం. కలకండ ముక్క వేసి, పైన మీగడ జార్చి వాడే పోశాడు. మూడు కప్పులయ్యాయి. నాలుగోదీ పోశాడు. ఐదోదీ పోశాడు. పిల్లకి మన టీ నచ్చిందని వాడి మొహం వెలిగిపోతోంది. నేను పిల్ల మొహం చూశాను. గుటకలు బలవంతంగా పడుతున్నాయి. నేనే ఆమె చెంచా తీసి కప్పులో పెట్టాను.

"అలా పెడితే చాలని అర్థమా మామ్మా? నాకెవరూ చెప్పలేదు" అంది సిగ్గుపడుతూ.

మా ఇళ్లలో మాటలు రాని పిల్లలకి కూడా తెలిసే సంగతది. ఎవరూ చెప్పరు, నాన్న పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటారు. ఓకో టీ కూజా బల్లమీద పెట్టాడు. కూతుర్ని అడిగాడు.

"అప్పట్లో నేలమీద పడుకోమంటే వచ్చేదానివా తల్లీ?"

"ఎందుకు రాను? స్లీపింగ్ బ్యాగ్ చుట్టి మంచం కింద పెట్టుకునేదాన్ని, నువ్వు పిలిస్తే తెచ్చుకుందామని. తర్వాత అది నాకు పొట్టిదైపోయింది."

రైలుకి ఇంకా టైముందన్నాడు ఓకో. లేదని ముగ్గురికీ తెలుసు.