జడ విప్పని బాలింత

జగ్గయ్యపేట హాల్లో ఆ రోజుల్లో నేను చూసిన సినిమాలన్నిట్లోనూ పిచ్చి ఆడదానికి ఒకటే వేషం. జుట్టు విరబోసుకుని పగలబడి నవ్వాలి, కొంగు నేల మీద ఈడ్వాలి, చివరికి హీరో చేత చెంపదెబ్బ తిని బాగైపోవాలి. వారపత్రిక సీరియళ్లలోనూ అంతే, కాకపోతే అక్కడ దెబ్బకు బదులు తాళి. మగవాడికి మతి చెడితే మాత్రం కాస్త గడ్డం పెంచి ఓ పాట ఇచ్చేవారు. నా ఖర్మ, ఇవన్నీ నమ్మాను. తల చక్కగా దువ్వుకున్నదానికి పిచ్చి రాదనుకున్నాను.

డెబ్బైల చివర్లో నందిగామ అత్తగారింటి నుంచి పురిటికి పేటలోని పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పురిటి స్నానం చేసిన దగ్గర్నుంచి దొడ్లో బావి అంటే భయం పట్టుకుంది. గిలక కిర్రుమంటే చాలు, పిల్లను ఎత్తుకుని నేనే అటు నడిచి వెళ్తానేమో అనిపించేది. నా చేతుల్ని నేనే నమ్మలేకపోయాను. ఎవరికైనా తెలిస్తే పిల్లను లాక్కుంటారు, నన్ను మళ్లీ నందిగామ గడప తొక్కనివ్వరు. అందుకని తెల్లారగానే కణతలు నొప్పి పుట్టేంత బిగించి జడ అల్లుకునేదాన్ని. చూడవచ్చినవాళ్లు బాలింతైనా ఎంత పొందిగ్గా ఉందో అని మెచ్చుకునేవారు.

మళ్లీ తలంటు నాడు అమ్మ నూనె గిన్నెతో వచ్చింది. నేను జడను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

"విప్పవే, నీళ్లు చల్లారిపోతున్నయ్."

"వద్దమ్మా. విప్పితే పిచ్చిదాన్నైపోతా."

నవ్వుతుందనుకున్నాను. అమ్మ వెళ్లి తలుపు గడియ వేసి వచ్చింది. బావి సంగతంతా చెప్పేశాను.

"ఇంకెవరితోనన్నా అన్నావా?"

లేదన్నాను. అమ్మ నూనె గిన్నె కింద పెట్టింది.

"నాకూ బావి భయమే. నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ నా కొంగు మంచం కోడుకి కట్టేసేది."

నా భయం తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. ఏనాడూ గొంతు పెంచని మా అమ్మ కూడానా!

జడ అమ్మే విప్పింది. తలంటు మాట మరిచిపోయి, నా కొంగుకి తన కొంగు ముడేసి, పిల్లను తన అవతలి పక్క వేసుకుని పడుకుంది. నేను జుట్టు విరబోసుకునే ఉన్నాను. నవ్వు మాత్రం రాలేదు.

అంతలో పక్కింటావిడ తలుపు తట్టింది.

"బాలింత ఎట్టా ఉందండీ?"

"నిక్షేపంలా ఉందండీ, నిద్దరపోతుంది," అంది అమ్మ, ముడి మీద నుంచి చెయ్యి తియ్యకుండా.