మోటారు డబ్బాకి నిలవని వైరు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. నరసరావుపేటలో పాలిటెక్నిక్ పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెబుతాను. సర్క్యూట్ పనిచేయకపోతే "ఏదో గాలి సోకింది మేడం" అని నవ్విన వాళ్ల చేత దాన్ని మొదటి నుంచి మళ్లీ పెట్టించిన మనిషిని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా బాబాయికి వెల్దుర్తి దగ్గర రెండెకరాల మిరప తోట ఉంది. నీళ్లు బావి నుంచి పెడతాడు. మోటారు బావి లోపలే, నీళ్లకి కాస్త పైన గట్టు మీద ఉంటుంది. త్రీఫేజ్ కరెంటు పొద్దున తొమ్మిదికి రావాలి. ఒక్కోసారి ముందే వస్తుంది, ఒక్కోసారి ఎప్పుడొస్తుందో తెలియదు. దాని కోసం ఆయన రోజూ కాచుక్కూర్చోవడం చూడలేక నేనొక ఏర్పాటు చేశాను.

కంప్యూటర్ తెర మీద డబ్బాలు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి మౌస్‌తో గీతల్లాంటి వైర్లు లాగడమే ఆ పని. 'కరెంటు వచ్చింది' అని ఒక డబ్బా, 'నేల ఆరింది' అని ఇంకొకటి, చివర్లో 'మోటారు ఆన్'. బాబాయి ఫోన్‌కి మెసేజ్ పంపే డబ్బా వేరే ఉంది. తెర మీది ఆదేశాన్ని అందుకుని మోటారు వేసేందుకు, చేలో స్టార్టర్ పెట్టెలో సిమ్ ఉన్న పరికరం బిగించాను. ఏడాది పాటు చక్కగా నడిచింది. నాకు కొంచెం గర్వం కూడా పట్టింది.

ఆ రోజు రెండో శనివారం, కాలేజీ లేదు. తోట పూత మీద ఉంది, రెండు రోజులుగా తడి అందలేదు. తొమ్మిది దాటాక ల్యాప్‌టాప్ తెరిస్తే కరెంటు వచ్చినట్టు చూపిస్తోంది గానీ మోటారు తిరగడం లేదు. 'మోటారు ఆన్' డబ్బాకి వైరు లేదు. నేను తీయలేదు. పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు.

వైరు లాగి సేవ్ చేశాను. సేవ్ అయిందని వచ్చింది. మోటారు తిరగలేదు. పేజీ మళ్లీ తెరిస్తే వైరు లేదు. మళ్లీ లాగాను, మళ్లీ పోయింది. నెట్ సరిగా లేదేమోనని మెసేజ్ డబ్బాని కావాలని పక్కకి జరిపి సేవ్ చేసి చూశాను. అది జరిపిన చోటే ఉంది.

బాబాయి ఫోన్ స్విచాఫ్. పిన్నికి చేశాను.

"పొద్దున్నే చేలోకి పోయాడమ్మా. ఏంది, మోటారు ఇంకా రాలేదా?" అంది.

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. కుదురుగా కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్లడం, ఎందుకెళ్లానో మర్చిపోయి తిరిగి రావడం. మూడోసారి వైరు లాగాను. అదీ నిలవలేదు. ల్యాప్‌టాప్ మూసి పడేశాను.

పదింబావుకి బాబాయే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఇంక మోటారు వెయ్యి. కప్లింగులో రబ్బర్లు చానా అరిగిపోయినయ్, బావిలో దిగి మార్చా. మోటారు రాకుండా సెల్లు ఆపి పెట్టాన్లే."

మోటారునీ పంపునీ కలిపే కప్లింగ్ అది. మోటారు తిరిగితే అదీ తిరుగుతుంది. గంటకి పైగా ఆయన వేళ్లు అందులోనే ఉన్నాయి. ఇదివరకు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటే గానీ బావిలో దిగేవాడు కాదు. ఇప్పుడు నేను మోటారు వేసినా తన సెల్లు ద్వారానే వస్తుందని, అది ఆపితే చాలని అనుకున్నాడు. "ఇక మోటారంతా నీ ఫోన్లోనే ఉంది బాబాయ్" అని గొప్పగా చెప్పింది నేనే. ఫోన్‌కి వచ్చేది కబురు మాత్రమేనని చెప్పలేదు.

పైకి వచ్చేశావా అని రెండుసార్లు అడిగి, వైరు లాగాను. ఈసారి నిలిచింది. మోటారు తిరిగింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఊడలేదు.

సేవ్ చేసినవన్నీ నమోదయ్యే చోట చూశాను. వైరు నిలవని ఆ మూడుసార్లవీ ఉన్నాయి. మూడింట్లోనూ ఆ వైరు ఉంది. మోటారుకి ఆదేశం వెళ్లినట్టు మాత్రం ఒక్కదానికీ లేదు. మిరప కోత అయ్యాక అదే పరికరాన్ని తెచ్చి ల్యాబ్‌లో పెట్టి నెల రోజులు పరీక్షించాను. ఒక్క తప్పూ దొరకలేదు.

అది జరిగిన మరుసటి ఆదివారమే వెళ్లి, ఫ్యూజులు పీకకుండా ఇంకెప్పుడూ దిగనని బాబాయి చేత ఒట్టు వేయించుకున్నాను. సెల్లు ఆపినా మోటారు వస్తుందని అప్పుడే చెప్పాను. ఆయన చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

"మరి ఆ రోజు ఎందుకు రాలేదే? నువ్వేమన్నా వెయ్యాలని చూశావా?" అని అడిగాడు.

"లేదు బాబాయ్" అన్నాను.

ఆ వైరుని నిలవనివ్వనిదేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. దాన్ని మూడుసార్లు లాగింది మాత్రం నేనే. ఆ మాట ఆయనకి ఇంకా చెప్పలేదు.