నర్సమ్మగారి గుమ్మడికాయ

మా నరసాపురం చర్చిలో కోతపండుగ వేలంపాట అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన నర్సమ్మగారు. నీలం అంచు తెల్లచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చునేవారు. ఎవరో కానుకగా తెచ్చిన గుమ్మడికాయని పట్టుబట్టి పాడుకునేవారు. డబ్బు కట్టాక కాయ మీద ఒకసారి చెయ్యి వేసి, "మళ్ళీ పాటలో పెట్టండి బాబూ" అనేవారు. ఆ ఒక్క కాయే అలా ముగ్గురు నలుగురి చేతులు మారి, ప్రతిసారీ చర్చికి డబ్బు తెచ్చేది.

మా ఊరి ఆడవాళ్ళు అల్లే లేసుని ఆన్‌లైన్‌లో అమ్మాలని నేను కంపెనీ మొదలుపెట్టాను. విశ్వాసుల వ్యాపారాల్లో పెట్టుబడి పెడతారన్న పెద్దల కోసం హైదరాబాదు దాకా తిరిగాను. బైబిలు వాక్యంతో మొదలయ్యే ప్రజెంటేషన్ చూపించాను. ప్రార్థన చేస్తామన్నారు. చేసే ఉంటారు.

పెట్టుబడి పెట్టింది మాత్రం నర్సమ్మగారే. రెండేళ్ళకి లాభంతో కలిపి చెక్కు తీసుకెళ్తే, దాని మీద చెయ్యి వేసి నావైపు జరిపారు.

"మళ్ళీ పాటలో పెట్టమ్మా. కొత్తగా పని మొదలుపెట్టే ఇంకొకరికి ఇవ్వు."

అలాగేనండి అన్నాను. ఆ నెల దారం కొనాల్సి వచ్చి ఆ డబ్బు వాడేశాను.

ఆవిడ పోయి ఏడాదయింది. మొన్న ఆరాధన అయ్యాక, పాలకొల్లు నుంచి వచ్చిన ఒకమ్మాయి బేకరీ పెట్టడానికి సాయం అడిగింది.

"ప్రార్థన చేస్తానమ్మా" అన్నాను.

"అందరూ అదే అన్నారండి" అంది, కోపమేమీ లేకుండా.

నర్సమ్మగారి గుమ్మడికాయ ఇన్నేళ్ళూ మా ఇంట్లోనే ఉండిపోయిందని అప్పుడు తెలిసింది.