పోశం చంపిన రెండు కుక్కలు

పోశానికి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు సిరిసిల్ల సైజింగ్ మిల్లులో కూలి రాజవ్వ రెండు వేళ్లు రోలరు కింద నలిగాక అతని చెవులు నిప్పుల్లా కాలిపోయాయి. సగం కోపం సేటు మీద, సగం తన మీద.

మిల్లుకు ఎలక్ట్రీషియన్ అతనే. నూలుకు గంజి పట్టే మిషన్‌ను నడిపేది గోడకున్న పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటరు డబ్బా. అది స్విచ్చులన్నీ వరసగా ఒక్కసారి చూసుకుంటుంది, ఏం చేయాలో తేల్చుకుని మోటార్లకు హుకుం ఇస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. రెప్పపాటులో పది చుట్లు. ఏ చుట్టయినా ఇరుక్కుని ఆలస్యమైతే లోపలి కాపలా టైమరు మిషన్‌ను టక్కున ఆపేస్తుంది. బిగించడానికి వచ్చినాయన దాన్ని వాచ్‌డాగ్, అంటే కాపలా కుక్క, అన్నాడు. మిల్లులో అందరికీ అది కుక్కే. మిషన్ ఆగితే "కుక్క మొరిగింది" అనేవాళ్లు.

గంటకెన్ని మీటర్లు నడిచిందో కాగితం మీద రావాలని లక్ష్మీరాజం సేటు ప్రింటరు తగిలించాడు. డబ్బా ఆ ప్రింటరు జవాబు కోసం కాచుక్కూర్చునేది. చుట్టు సాగిపోయేది. కుక్క రోజుకు ఆరుసార్లు మొరిగేది.

"గా కుక్క నోరు గట్టెయ్ పోశం," అన్నాడు సేటు.

"మిషన్ ఆపే ఎర్ర స్విచ్చు తీగ గుడ గా డబ్బాలకెల్లే పోతది సేటూ. డబ్బా సూసేదాంక మిషన్ ఆగది. ఎవలిదన్న చెయ్యి వడితే?"

"నీకు పని గావాల్నా, వద్దా?"

పోశం టైమరును మూడు సెకన్లకు పెంచాడు. ఇక చుట్టు అంతసేపు ఇరుక్కున్నా కుక్క మొరగదు.

మూడోనాడు రాజవ్వ తెగిన పోగు ముడివేస్తుంటే కుడిచేతి గాజు నూలులో చిక్కింది. ఎడమచేత్తో ఎర్ర స్విచ్చు గుద్దింది. డబ్బా ప్రింటరు ముఖం చూస్తూ కూర్చుంది. రోలరు తిరుగుతూనే ఉంది.

ఆమెను దవాఖానకు పంపి ఇంకా గంట కాలేదు. "గాజులేసుకొని రమ్మన్నదెవలు? మిషన్ నడిపియ్యి," అన్నాడు సేటు.

పోశం డబ్బా తెరిచి టైమరును పాత చోటికే తెచ్చిపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"కోనరావుపేట అవుతల మా ఊర్ల, రాత్రిళ్లు అడివికెల్లి అచ్చేటప్పుడు మొరుగుతున్నయని అన్నలు కుక్కలను సంపుమన్నరు. నా కుక్కను నేనే కట్టెతోని కొట్టి సంపిన. పదిరోజులకు పోలీసోల్లు అచ్చిండ్రు. ఊర్ల ఒక్క కుక్క లేదు, మొరగలె. పండుకున్న మా తమ్మున్ని గట్లనే తీస్కపోయిండ్రు. ఇంతవరకు రాలె." అతను డబ్బా మూత దబాలున మూశాడు. "మొరిగేదాన్ని సంపుమనేటోడు ఎవడైతేంది సేటూ, పోయేది మా మనిషే! రెండోసారి గుడ నేనే సంపిన. ఇగ సంప."

"రేపటికెల్లి రాకు," అన్నాడు సేటు.

పోశం టెస్టర్ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. సేటు దగ్గరుండి మిషన్ నడిపించాడు. పోశం గేటు చేరేలోపే అది టక్కున ఆగింది.

"మొరిగిందీ!" లోపల ఆడవాళ్లెవరో అరిచారు.

సొంత కుక్కను కొట్టి చంపిననాడు రాని ఏడుపు పోశానికి అప్పుడొచ్చింది.