ఉప్పుగాలి రాకముందే

మధులత పెట్టిన మొదటి కంపెనీ ఒక సెమిస్టర్ కూడా బతకలేదు. కాలేజీలో సీనియర్లు వాడేసిన ఇంజినీరింగ్ డ్రాయింగ్ డ్రాఫ్టర్లు, ల్యాబ్ కోట్లు జూనియర్లకి అమ్మిపెట్టే యాప్ అది. సీనియర్లు అవన్నీ తమ ఊరి పిల్లలకి ఊరికే ఇచ్చేస్తారన్న సంగతి యాప్ తయారయ్యాక తెలిసింది. రెండోది స్టీల్‌ప్లాంట్ కార్మికులకి ఇంటి భోజనం క్యారేజీలు అందించడం. షిఫ్టులు మారుతుంటాయన్న మాట మరిచిపోయి నెలంతా ఒకే వేళకి ఆర్డర్లు తీసుకుంది. ఆ ప్లాంటులోనే క్రేన్ నడిపే గవర్రాజు కూతురై ఉండి ఈ పొరపాటు చేసినందుకు గాజువాకలో వాళ్ళ వీధి వీధంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు గవర్రాజే.

మూడోదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

మధురవాడ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలో ఆమె మెటలర్జీ మూడో ఏడు చదువుతోంది. సముద్రానికి ఎదురుగా ఉండే అపార్టుమెంట్లలో బాల్కనీ గ్రిల్లులు, ఏసీ స్టాండ్లు, బట్టలారేసే కడ్డీలు ఎంత రంగేసినా నాలుగు రోజుల్లో తుప్పు పడతాయి. జింకు పొడి కలిపిన రంగు పూస్తే ముందు జింకు తాను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. క్లాసులో విన్న పాఠమే. ఆ పాఠాన్ని పట్టుకుని క్లాస్‌మేట్ సాయిశంకర్‌తో కలిసి 'కవచం' అన్న పేరుతో పని మొదలుపెట్టింది. మూడేళ్ళ గ్యారంటీ అంది. సబ్బవరంలో శంకర్ వాళ్ళ మేడ మీద ఆ రంగు పూసి ఎండకీ వానకీ వదిలేసిన ఇనప ముక్కలు చెక్కుచెదరలేదు మరి. కాలేజీవాళ్ళు ముచ్చటపడి 'మన యువ పారిశ్రామికవేత్త' అని ఆమె ఫొటోతో గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు.

మొదటి పెద్ద పని సాగర్‌నగర్‌లో బీచ్ వైపున్న ఒక అపార్టుమెంటు. నవంబరులో రోజూ కాలేజీ అవగానే వెళ్ళి, ఇద్దరు పెయింటర్లని పెట్టుకుని, దగ్గరుండి పూర్తి చేయించారు. ఫిబ్రవరికల్లా ఆ రంగు బొబ్బలెక్కింది. గోటితో గిల్లితే పెంకులా ఊడి వచ్చింది. కింద ఎర్రగా తుప్పు.

అక్కడి అసోసియేషన్ సెక్రటరీ భీమశంకరరావు గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన కేకలెయ్యలేదు. బాల్కనీ బాల్కనీకీ తిప్పి చూపించి, చివర్లో నెమ్మదిగా అన్నాడు.

"ఏమ్మా, మీ ల్యాబులో చేసుకోవలసిన పరీక్షలకి మా గ్రిల్లులే దొరికాయా నీకు?"

మధులత ఊడిన పెంకు ఒకటి కాగితంలో మడిచి పెట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో శంకర్ సర్దిచెప్పబోయాడు.

"సముద్రం పక్కన ఇనుము తుప్పట్టకపోతే ఏటవుద్ది మధూ? ఆళ్ళకీ తెల్సు. వొదిలీ."

ఆమె వదల్లేదు. జింకు పొడిలో కల్తీ ఉందేమోనని చూసింది, లేదు. కలిపిన పాళ్ళు మళ్ళీ లెక్కకట్టింది, సరిగ్గానే ఉన్నాయి. అదే రంగు సబ్బవరంలో నిలిచి ఇక్కడ ఎందుకు ఊడిందో అంతుపట్టలేదు. ఒక మధ్యాహ్నం అదే అపార్టుమెంటు టెర్రస్ మీద ఒక కడ్డీని గరుకు కాగితంతో రుద్ది, నీళ్ళతో కడిగి, ఆరాక చేత్తో తడిమింది. వేలికి ఏదో జిగటగా తగిలింది. నాలిక మీద పెట్టుకుని చూస్తే ఉప్పు.

మర్నాడు కాలేజీకి వెళ్ళకుండా వచ్చి, పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అదే పని చేసింది. రెండు పూటలా కడ్డీని తుడిచిన తడి దూదిని ల్యాబుకి తీసుకుపోయి, పిండిన నీళ్ళలో, ఉప్పుంటే తెల్లగా మార్చే సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసింది. పొద్దుటి నీళ్ళు కాస్త మసకబారాయంతే. మధ్యాహ్నానివి విరిగిన పాలలా తెల్లబడ్డాయి.

అప్పుడు అర్థమైంది. పొద్దున గాలి ఊరి మీంచి సముద్రం మీదికి పోతుంది. ఎండ ముదిరాక సముద్రం మీంచి ఊరి మీదికి తిరుగుతుంది. రుద్ది శుభ్రం చేసిన ఇనుము మీద, అది ఆరేలోపే, కంటికి కనపడని ఉప్పు వచ్చి కూర్చుంటోంది. తాము దాని మీదే రంగు పూశారు. లోపలి ఉప్పు తేమని లాక్కుంది, రంగు పైకి లేచింది. సముద్రానికి దూరంగా ఉన్న సబ్బవరం దాకా ఆ ఉప్పు రాదు. రంగు తప్పు కాదు. కాలేజీ అయ్యాక వచ్చి వెయ్యడమే తప్పు.

అయితే పొద్దుటిపూట వెయ్యాలి. పొద్దుట క్లాసులుంటాయి. ఆదివారాలు మాత్రమే వేస్తే పని సగంలో ఉండగా వానలొస్తాయి. ఇప్పుడు మొదలుపెడితే అటెండెన్స్ చాలదు, డిటెయిన్ చేసి మూడో ఏడులోనే ఆపేస్తారు. శంకర్ స్కాలర్‌షిప్పు అటెండెన్స్ మీదే నడుస్తుంది కాబట్టి అతన్ని క్లాసుకి పొమ్మంది. భీమశంకరరావు దగ్గరికి వెళ్ళి, తప్పెక్కడ జరిగిందో చెప్పి, పైసా తీసుకోకుండా మళ్ళీ వేస్తానంది. ఆయన ముందు ఒక్క వైపుకి ఒప్పుకున్నాడు.

తెల్లారకుండానే గాజువాకలో బస్సెక్కేది. ఊడిన రంగంతా గీకించి, మంచినీళ్ళతో కడిగించి, బీచ్ వైపు నుంచి పడే పొద్దుటి ఎండకి ఆరగానే పూత వేయించేది. ఎదురు ఇళ్ళలో ఆరేసిన బట్టలు సముద్రం గాలికి ఊరివైపు ఊగడం మొదలుపెడితే డబ్బా మూత పెట్టేసేది. గాలిని సూసి పని ఆపీడమేటని పెయింటర్ వాసు రోజూ గొణిగేవాడు. గొణుగుతూనే బ్రష్షు కడుక్కునేవాడు.

మీ అమ్మాయి ఈరోజు క్లాసుకి రాలేదంటూ గవర్రాజు ఫోన్‌కి కాలేజీ నుంచి మెసేజీలు వచ్చేవి. కొన్నాళ్ళు ఊరుకున్నాడు. ఒక సాయంత్రం, అన్నం దగ్గర కూర్చుంటూ అడిగేశాడు.

"నాను కొలిమి పక్కన క్రేన్ మీద కూకున్నది నువ్వు రంగులేసుకోడానికేటే?"

"రంగులేసుకోడానికి కాదు నాన్నా. నానేసిన రంగు నానే ఊడబీకి మళ్ళీ ఎయ్యడానికి."

"ఆళ్ళు మళ్ళీ ఎయ్యమన్నారా?"

"అన్లేదు."

"మరేటి?"

"మూడేళ్ళుంటాదని సెప్పింది నాను."

గవర్రాజు అన్నం కలుపుకున్నాడు. తల్లి తాయారు మాత్రం ఊరుకోలేదు. మొదటి రెండు కంపెనీలూ ఎలా మూసేసిందో దీన్నీ అలాగే మూసెయ్యొచ్చు కదా అంది. వాటిని మూసేస్తే ఎవరి ఇనుమూ తుప్పట్టలేదని మధులత జవాబు చెప్పింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఏప్రిల్‌లో డిపార్ట్‌మెంట్ హెడ్ దేవీప్రసాద్ పిలిపించాడు. చెడ్డవాడు కాదు. ఫ్లెక్సీ కట్టించింది ఆయనే.

"జాండిస్ అని డాక్టర్ సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకో. మిగతాది నేను చూసుకుంటాను."

"నాకు జాండిస్ రాలేదు సార్."

"వచ్చిందని ఎవరన్నారు? సర్టిఫికెట్ తెచ్చుకోమన్నాను. డిగ్రీ అయ్యేదాకా ఈ కంపెనీ గొడవ కట్టిపెట్టు, చాలు."

"మరి గేటు దగ్గర ఫ్లెక్సీ సార్?"

"దానికీ అటెండెన్స్‌కీ సంబంధమేమిటి?"

మధులత లేచి నిలబడింది.

"గేటు దగ్గర పారిశ్రామికవేత్తనీ, లోపలికొస్తే రోగిష్టిదాన్నీ అవలేను సార్. నాకు జబ్బేటీ లేదు. పనిలో ఉన్నాను. డిటెయిన్ చెయ్యాలంటే చెయ్యండి."

కూర్చోమన్నాడాయన. చిన్నతనమనీ, మొండితనమనీ, ఏడాది విలువ ఇప్పుడు తెలియదనీ చెప్పాడు. అన్నీ విని, నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. మెట్ల మీద కూర్చుంది. తన క్లాసువాళ్ళు వచ్చే ఏడు నాలుగో ఏడుకి వెళ్ళిపోతారు. తాను జూనియర్లతో కూర్చోవాలి. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడిచింది కూడా. సర్టిఫికెట్ కోసం మాత్రం ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్ళలేదు.

డిటెన్షన్ జాబితాలో పేరొచ్చిన రోజున గవర్రాజుకి సెలవు. శంకర్ ఫోన్ చేసి చెబుతుంటే పక్కనే ఉండి విన్నాడు. మర్నాడు మధులత బయల్దేరుతుంటే, బస్సెందుకని బండి తీశాడు. సాగర్‌నగర్ దాకా తీసుకెళ్ళాడు. దిగాక గ్రిల్లుల వైపు తలెత్తి చూసి, "ఇదేనా?" అన్నాడు. ఇదేనంది. కొత్త పూత ఉన్న కడ్డీ ఒకటి గట్టిగా పట్టుకుని ఊపి చూసి, డ్యూటీకి టైమవుతుందని వెళ్ళిపోయాడు.

మొదటి వైపు చూశాక మిగతా వైపులకీ ఒప్పుకున్నారు. మే చివరికి ఆఖరి బాల్కనీ పూర్తయింది. భీమశంకరరావు కళ్ళద్దాలు పెట్టుకుని గ్రిల్లంతా తడిమి చూశాడు. డిటెన్షన్ సంగతి వాసు చెప్పినట్టున్నాడు.

"ఏడాది పోయిందటగా. ఇంకా గ్యారంటీ అంటావా?"

"మూడేళ్ళు సార్. ఇయాల్టి నుంచి."

"మావాళ్ళకి నమ్మకం లేదమ్మా. నాకూ సగమే ఉంది. వానలు పడనీ, అప్పుడు చూద్దాం."

"సూడండి సార్. పడిన ప్రతి వానకీ నానూ వొచ్చి సూత్తాను," అని మధులత ఖాళీ డబ్బాలు సంచిలో సర్దుకుంది.